సబ్బు లెక్క అడిగిన మనిషి

సహాయ శిబిరాల్లో పనిచేసేవాళ్ల పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది అడగడం, రాసుకోవడం. గుడారానికి ఎంతమంది? తాగేనీళ్లు ఎక్కడివి? నిన్న ఎవరు పోయారు?

ఈ విద్యలో బ్రిటిష్ సంఘసేవకురాలు ఎమిలీ హాబ్‌హౌస్‌ను మించినవాళ్లు అరుదు. దక్షిణాఫ్రికాలో డచ్ సంతతివాళ్లైన బోయర్లతో యుద్ధంలో బ్రిటిష్ సైన్యం పొలాలూ ఇళ్లూ తగలబెట్టి, ఆడవాళ్లనీ పిల్లల్నీ శిబిరాల్లో పెట్టింది. 1901 జనవరిలో ఆమె బ్లూంఫాంటీన్ శిబిరానికి వెళ్లారు. గుడారం గుడారం తిరిగి తల్లుల మాటలు రాసుకున్నారు. సబ్బు ఇవ్వడం లేదు. టైఫాయిడ్ ఉన్నచోట నీళ్లు కాచుకోవడానికి వంటచెరకు చాలదు. మగవాళ్లు ఇంకా పోరాడుతున్న కుటుంబాలకైతే రేషన్‌లో కోత! తిండితో కక్ష తీర్చుకోవడమే అది.

జూన్‌లో ఆమె నివేదిక లండన్‌లో వెలువడింది. ప్రతిపక్ష నాయకుడు క్యాంప్‌బెల్ బానర్‌మన్ ఆ యుద్ధరీతిని అనాగరికమన్నాడు. ప్రభుత్వం మిల్లిసెంట్ ఫాసెట్ నాయకత్వాన మహిళల విచారణ సంఘాన్ని పంపక తప్పలేదు. అందులో హాబ్‌హౌస్‌కు చోటివ్వలేదు. అక్టోబరులో మళ్లీ వెళ్తే కేప్‌టౌన్‌లో ఓడ దిగనివ్వకుండా, బలవంతంగా వెనక్కి పంపారు. అయినా ఫాసెట్ సంఘం ఆమె చెప్పినవాటిని చాలావరకు నిజమనే తేల్చింది. శిబిరాలు సైన్యం చేతినుంచి పౌర పాలనకు మారాయి, 1902లో మరణాలు బాగా తగ్గాయి.

యుద్ధం ముగిసేసరికి బోయర్ శిబిరాల్లో పోయిన స్త్రీలూ పిల్లలూ 26,000 మందికి పైనే. నల్లజాతివారిని ఉంచిన శిబిరాలకు ఆమె వెళ్లలేకపోయారు. అక్కడ కనీసం 14,000 మంది చనిపోయారు. వాళ్ల లెక్కలు నేటికీ పూర్తికాలేదు.