కట్టు, కట్టడి, నిర్బంధం: కౌమార మానసిక వైద్యంలో శారీరక నిర్బంధాన్ని చెప్పే భాష – ఒక విమర్శ

కీలకపదాలు: మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, శారీరక నిర్బంధం, కౌమారం, కర్మణి ప్రయోగం, కట్టు ధాతువు, ఉలూఖల బంధనం, సైబరాబాద్.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 97వ సెక్షన్‌ను భాషాసాహిత్యాల విద్యార్థి చదివితే మొదట కంటబడేవి అందులోని క్రియలు. రోగికి గానీ ఇతరులకు గానీ తక్షణం జరగబోయే హానిని ఆపడానికి మరో దారి లేనప్పుడు, చికిత్స చేస్తున్న మానసిక వైద్యుని అనుమతితో మాత్రమే శారీరక నిర్బంధాన్ని ఉపయోగించాలి. దాని పద్ధతి, స్వభావం, కారణం, వ్యవధి వెంటనే రోగి వైద్యపత్రాల్లో రాయాలి. రోగి నామిత ప్రతినిధికి 24 గంటల్లోగా తెలియజేయాలి. ప్రతి సంఘటననూ నెలనెలా మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి నివేదించాలి. రాయడం, తెలియజేయడం, నివేదించడం: ఈ మూడూ కథనానికి సంబంధించిన పనులు. నిర్బంధం జరిగిన కొద్దిసేపటికే అది ఒక పాఠంగా మారాలని చట్టం కోరుతోంది. పాఠం ఉన్నచోట కథకుడెవరు, శ్రోత ఎవరు, ఎవరి గొంతు వినబడదు అని అడగడం విమర్శ పని. రోగి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడైనప్పుడు ఈ ప్రశ్నలు ఎక్కడికి తీసుకుపోతాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సైబర్ టవర్స్ 1998 నవంబరులో ప్రారంభమైంది. ఆ తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో పుట్టి పెరిగిన పిల్లలకు బడి భాష ఇంగ్లీషు, ఆటస్థలం భాష హిందీ కలిసినది, అమ్మమ్మతో మాట్లాడేది తెలుగు. ఇక్కడి ప్రైవేటు వైద్యశాలల్లో కేసు షీటు ఇంగ్లీషులో ఉంటుంది. మంచం దగ్గర వినబడే ఆజ్ఞలు తెలుగులోనో హిందీలోనో ఉంటాయి. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్లవారిలో మానసిక రుగ్మతలు 7.3 శాతమని తేల్చింది. గ్రామాల్లో 6.9 శాతం ఉంటే మహానగరాల్లో 13.5 శాతం. సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. కాబట్టి ఈ అంకెలను హైదరాబాదుకు నేరుగా అన్వయించలేం. మహానగరాలకూ గ్రామాలకూ మధ్య ఉన్న అంతరం మాత్రం ఈ ప్రాంతం గురించి ఆలోచించేవారు గమనించదగినది.

పేరు పెట్టడంలోని చిక్కు

చట్టం వాడిన ఇంగ్లీషు మాట రెస్ట్రెయింట్. దీన్ని తెలుగులో చెప్పబోతే మొదట నోటికొచ్చేది నిగ్రహం. కానీ తెలుగులో నిగ్రహం మనిషి తనమీద తాను సాధించుకొనే గుణం. ఇంద్రియ నిగ్రహం, కోప నిగ్రహం అంటాం. నలుగురు పట్టుకొని మంచానికి కట్టిన పిల్లవాడి విషయంలో ఈ మాట వాడితే, అతనికి జరిగిన పని అతనికి లేని గుణంగా వినిపిస్తుంది. నియంత్రణ మరీ చప్పిడి మాట. ట్రాఫిక్‌కూ ధరలకూ దోమలకూ అదే. నిర్బంధం అంటే బలప్రయోగం దాగదు. అయితే ఆధునిక తెలుగు సాహిత్యంలో, ముఖ్యంగా విప్లవ, హక్కుల రచనల్లో, అది రాజ్యం చేసే అణచివేతకు స్థిరపడిపోయింది. ఆ బరువు ఉన్నందుకే వైద్యరంగం దాన్ని వాడడానికి జంకవచ్చు. ఆ బరువు కోసమే నేను ఈ వ్యాసంలో దాన్ని ఎంచుకున్నాను.

ఈ మూడూ సంస్కృత పదాలు. వార్డులో ఎవరూ వీటిని పలకరు. అక్కడ వినబడేది కట్టు అనే ధాతువు ఒక్కటే: కట్టండి, కట్టేశాం, కట్టి ఉంచాం. తెలుగులో ఇంత విస్తృతమైన ధాతువులు తక్కువ. ఇల్లు కడతాం, చీర కడతాం, తాళి కడతాం, ఆవును కడతాం, గాయానికి కట్టు కడతాం. తిరుపతి జిల్లా పుత్తూరులో విరిగిన ఎముకకు వేసే కట్టు ఆ ఊరి పేరుతోనే ప్రసిద్ధి. అక్కడ కదలకుండా చేయడమే చికిత్స. కాబట్టి కట్టడం అనే పని వైద్యానికి విరుద్ధమని ధాతువును బట్టి చెప్పలేం. తేడా క్రియారూపంలో ఉంది. పుత్తూరు వెళ్లివచ్చిన మనిషిని గురించి ‘కట్టు కట్టించుకున్నాడు’ అంటాం. ప్రేరణార్థకమూ ఆత్మార్థకమైన కొను ధాతువూ కలిసి ఆ పనిని రోగి ఇష్టానికి ముడిపెడతాయి. వార్డులోని పిల్లవాడిని గురించి ‘కట్టేశారు’ అంటాం. ఇక్కడ పిల్లవాడు కర్మ. వేయు అనే అనుబంధ క్రియ పని పూర్తయిపోయిందన్న ముగింపు స్వరాన్ని తెస్తుంది. హాని తప్పించడానికి ఎంతసేపు అత్యవసరమో అంతకు మించి ఉంచరాదనే చట్టానికి ఈ ముగింపు స్వరం సరిపడదు.

అయినా ‘కట్టేశారు’లో ఒక నిజాయితీ ఉంది. కర్త పేరు లేకపోయినా ఆ పని చేసినవారు మనుషులని బహువచన ప్రత్యయం చెబుతూనే ఉంది. ఎవరు అని వెంటనే అడగవచ్చు. ఇదే సంఘటన ఆఫీసు తెలుగులోకి వచ్చేసరికి ‘రోగి నిర్బంధించబడ్డాడు’ అవుతుంది. తెలుగు మాటల్లో అరుదైన బడు ప్రయోగం ప్రభుత్వ పత్రాల్లో ఎందుకు అంతగా పెరిగిందో వ్యాకరణం ఒక్కటే వివరించలేదు. 97వ సెక్షన్ రాయమన్న నాలుగు వివరాల్లోనూ చేతులు వేసినవారి పేర్లు లేవు. అనుమతి ఇచ్చిన వైద్యుడున్నాడు, రాయించవలసిన అధికారి ఉన్నాడు. పట్టుకున్నవారు బడు వెనక్కి వెళ్లిపోయారు. ఇది అనివార్యమేమీ కాదు. 2010లో లండన్‌లోని ఒక మానసిక వైద్యశాలలో పోలీసుల నిర్బంధం తరువాత మరణించిన ఒలాసేని లూయిస్ పేరుతో పిలిచే బ్రిటన్ చట్టం (2018) బలప్రయోగం చేసిన సిబ్బంది పేరు, హోదా నమోదు చేయాలంటుంది. సిబ్బంది కానివారు అందులో పాల్గొంటే ఎందుకు పాల్గొన్నారో కూడా రాయాలంటుంది. ఈ రెండో అంశం మన పిల్లల వార్డులకు మరింత అవసరం.

తల్లి చేతిలో తాడు

పిల్లవాణ్ని తల్లే కట్టడం తెలుగువారికి కొత్త దృశ్యం కాదు. పోతన భాగవతం దశమ స్కంధంలోని ఉలూఖల బంధనాన్ని మనం వాత్సల్యానికి పరాకాష్ఠగా పాఠం చెబుతాం. ఆ ఘట్టంలో యశోద కట్టింది శిక్షగానే. 97వ సెక్షన్ ఏ పరిస్థితిలోనూ శిక్షగా నిర్బంధించరాదని నిషేధించింది. సిబ్బంది తక్కువగా ఉన్నారన్న కారణమూ చెల్లదంది. ఈ పోలికతో పురాణాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆ కథలో విమర్శకులు అంతగా పట్టించుకోని ఒక షరతు ఉంది. ఇంట్లోని తాళ్లన్నీ ముడివేసినా రెండంగుళాలు తక్కువవుతూనే ఉంటుంది. తల్లి అలసట చూసి బాలుడు తానే కట్టుబడతాడు. కట్టుబడు అనే తెలుగు మాటకు బంధింపబడడం, ఒప్పుకొని నిలబడడం అని రెండర్థాలు. ఆ దృశ్యం వాత్సల్యంగా నిలబడేది ఈ రెండో అర్థం మీదనే. పిల్లవాడి సమ్మతిని తీసేస్తే మిగిలేది రోలు, తాడు, ఏడుపు.

వార్డులో ఆ రెండంగుళాల వెసులుబాటు ఎక్కడుంది? 87వ సెక్షన్ ప్రకారం మైనరును చేర్చుకునేటప్పుడు, తెలిసినంతవరకు అతని కోరికను పరిగణించాలి. పెద్దలనుంచి వేరుగా ఉంచాలి. నామిత ప్రతినిధి గానీ అతడు నియమించిన సహాయకుడు గానీ చికిత్స సాగినన్నాళ్లూ వెంట ఉండాలి. మైనరుకు నామిత ప్రతినిధి చట్టబద్ధ సంరక్షకుడే, అంటే సాధారణంగా తల్లో తండ్రో. చికిత్సకు సమ్మతి ఇచ్చేదీ ఆ వ్యక్తే. నిర్బంధం జరిగితే 24 గంటల్లోగా సమాచారం అందుకోవలసిందీ ఆ వ్యక్తే. తల్లిదండ్రులు మంచం పక్కనే ఉన్నప్పుడు, ‘కాస్త కాళ్లు పట్టుకోండమ్మా’ అనే మాట రావడం ఊహకందనిది కాదు. అప్పుడు సమ్మతించిన మనిషి, పట్టుకున్న మనిషి, సమాచారం అందుకున్న మనిషి ఒక్కరే అవుతారు. పెద్దవాడైన రోగికి బయటి కన్నుగా పనిచేయాల్సిన రక్షణ, పిల్లవాడి విషయంలో లోపలికి మడతపడిపోతుంది. చేర్చుకునే వేళ అడగమన్న కోరికను కట్టే వేళ గానీ విప్పిన తరువాత గానీ అడగమని 97వ సెక్షన్ చెప్పదు. సంరక్షకుడు పిల్లవాడి మేలు చూడడం లేదని తేలితే మరొకరిని నియమించే అధికారం మండలికి ఉంది. కానీ ఇక్కడ చెప్పుకుంటున్న తల్లి చెడ్డది కాదు, భయపడినది. ఆ సెక్షన్ ఆమెకు ఉపయోగపడదు.

చట్టం సాధించినదాన్ని తక్కువ చేయకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో బంధించిన 28 మంది మంటల్లో చనిపోయిన దేశంలో, ఏ రూపంలోనూ గొలుసులు వేయరాదన్న 95వ సెక్షన్ చిన్న విషయం కాదు. తనను తాను గాయపరచుకుంటున్న పదిహేనేళ్ల పిల్లను ఆపవలసిన నర్సు కష్టమూ చిన్నది కాదు. కష్టమైన పనులకు సరైన క్రియలు అవసరమన్నదే నా వాదన.

రోకలి సామెత

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట. ఈ సామెతలో నవ్వు ఎక్కడ పుడుతుందో చూడండి. పిచ్చివాడు తన గురించి తాను సాక్ష్యం చెబుతాడు. ఆ సాక్ష్యమే అతని పిచ్చికి రుజువవుతుంది. చుట్టడానికి వీలులేని వస్తువును చుట్టమని అడగడం వల్ల, కట్టు గురించి అతను పలికే ఏ మాటకూ విలువ మిగలదు. కౌమారంలో ఉన్న రోగికి ఈ అవిశ్వాసం రెండింతలు: పిచ్చివాడు గనుక నమ్మరు, పిల్లవాడు గనుక వినరు. ‘నన్ను గట్టిగా కట్టారు, చెయ్యి మొద్దుబారింది, అడిగినా విప్పలేదు’ అన్న వాక్యాల్లో పద్ధతి, స్వభావం, వ్యవధి మూడూ ఉన్నాయి. చట్టం అడిగిన వివరాలే ఇవి. కానీ వీటిని కేసు షీటులో రాసే గడి లేదు. రోగి చెప్పినవి రోగ లక్షణాల కింద నమోదయ్యే అవకాశమే ఎక్కువ.

మైనరు చేరిక గురించి 72 గంటల్లోగా తెలుసుకునే సమీక్షా మండలికి, వచ్చి ఆ పిల్లవాడితో మాట్లాడే హక్కు ఉంది. ఆ సంభాషణ ఏ భాషలో జరుగుతుంది, అతని మాటను అతని క్రియలతోనే రాసుకుంటారా, కర్మణిలోకి మార్చి రాసుకుంటారా అన్నది ఇప్పటికీ ఎవరూ పట్టించుకోని అనువాద సమస్య. తెలుగు శాఖలు పాలనా పరిభాష మీద పత్రసమర్పణలు చాలానే చేశాయి. వైద్యశాల నమోదు పత్రం వాటి పరిధిలోకి రాలేదు. కట్లు విప్పిన తరువాత పిల్లవాడే నింపుకునే ఒక పేజీ, అతను మాట్లాడే భాషలో, మూడు ప్రశ్నలతో ఉండవచ్చు: ఎవరు పట్టుకున్నారు? ఎంతసేపు? ఆ సమయంలో నువ్వేమన్నావు?