పూట తప్పిన తిండి: విశాఖ ఫలహారశాలలు – తెలుగు విమర్శ దృష్టి

తెలుగు సాహిత్య విమర్శలో తిండికి చోటు లేదని అనడానికి వీల్లేదు. అయితే ఆ చోటు దాదాపు మొత్తంగా ఆకలికే దక్కింది. శ్రీశ్రీ 'భిక్షువర్షీయసి'ని గాని, చాసో 'ఎంపు'ను గాని చదివేటప్పుడు విమర్శకుడు మొదట వేసే ప్రశ్న కూడు ఎవరికి దొరకలేదన్నది. అది న్యాయమైన ప్రశ్న. ఉత్తరాంధ్ర సాహిత్యం ఆ ప్రశ్నను అడిగించేంత బలంగా ఆకలిని రాసింది కూడా. కాని ఆకలి వేయని వేళ, ఇంటికి దూరంగా, చెప్పుకోదగ్గ పనేదీ లేకుండా, ఒక కప్పు కాఫీ ముందు పెట్టుకుని గంటసేపు కూర్చున్న మనిషిని చదవడానికి ఆ ఒక్క ప్రశ్న చాలదు. విశాఖపట్నంలో సిరిపురం, ద్వారకానగర్, బీచ్ రోడ్డు పొడవునా కనిపించే కెఫేలు, పేటపేటకూ వెలసిన బేకరీలు, గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా సాయంత్రం కాగానే పొయ్యి రాజేసే నూడుల్స్ బండ్లు ఇటువంటి మనుషులతోనే నడుస్తున్నాయి. వీటిని గురించి రాయవలసి వస్తే విమర్శ సాధారణంగా 'ప్రపంచీకరణ' అన్న ముద్ర వేసి ముందుకు సాగిపోతుంది. ముద్ర తప్పని కాదు, అది చదవవలసిన పనిని తప్పిస్తుంది.

నగరంలో ఊరికే తిరుగుతూ తినడం తెలుగు సాహిత్యానికి కొత్త వస్తువేమీ కాదు. 'క్రీడాభిరామం' మొత్తం ఆ పనే. దాని కర్తృత్వం శ్రీనాథుడిదా, వినుకొండ వల్లభరాయడిదా అన్న వివాదాన్ని పక్కన ఉంచి చూస్తే, అందులో ఉన్నది ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో గడిపిన ఒక రోజు. మంచనశర్మ, టిట్టిభసెట్టి చూస్తారు, వ్యాఖ్యానిస్తారు, మళ్ళీ నడుస్తారు. ఆ నడకలో ఒక మజిలీ పూటకూళ్ళ ఇల్లు. గోధుమపిండి వంట, పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లతో కూడిన భోజనం లక్ష్మణవజ్ఝల ఇంట ఒక రూకకు దొరుకుతుందని ఆ పద్యం చెబుతుంది. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' (1949) ఈ కావ్యాన్ని విరివిగా వాడుకుంది. అప్పటి నుంచీ క్రీడాభిరామం పరిశోధకులకు సాక్ష్యాల పెట్టె అయింది. ధర ఎంత, పదార్థాలేవి అన్నవి అందులోంచి తీసుకున్నారు. ఆ వివరాలు ఏ రూపంలో వచ్చాయన్నది మాత్రం అంతగా పట్టించుకోలేదు. పదార్థాల జాబితా, చివర ధర, ఇంటివాడి పేరు: ఇది ఒక తిరుగుబోతు మరొక తిరుగుబోతుకు చేసే సిఫారసు. నేటి విశాఖ యువతీయువకులు ఫలానా బేకరీలో ఫలానాది ఇంతకు దొరుకుతుందని చెప్పుకునే మాట వరుస ఇదే. పద్యంలో చెప్పుకున్నారు కనుక అది కావ్యమైంది, ఫోనులో చెప్పుకుంటున్నారు కనుక ఇది కాలక్షేపమైంది.

అయినా రెండింటికీ మధ్య ఒక భేదం ఉంది, అది పేరులోనే ఉంది. పూటకూళ్ళు అన్న మాటలో కూటికి ముందు పూట ఉంది. అన్నాన్ని కాలంతో కొలిచిన మాట అది. ఇంట్లో తినవలసిన పూటకు ఇల్లు లేనివాడు మరొకరి ఇంట్లో డబ్బిచ్చి తింటాడు. తినే వేళ మారదు, తినే చోటు మాత్రం మారుతుంది. తరువాత వచ్చిన 'టిఫిను' పూటల నడుమ చొరబడింది. 'హోటలు' అన్న ఇంగ్లీషు మాటను తెలుగువాళ్ళు బస కోసం కాక తిండి కోసం వాడుకున్నారు. కెఫేకు వచ్చేసరికి పూట పూర్తిగా జారిపోయింది. పదకొండు గంటలకూ, నాలుగు గంటలకూ, రాత్రి పదింటికీ అక్కడ దొరికేది ఒకటే. అక్కడ అమ్ముడయ్యేది కూడు కాదు, కుర్చీ. కాఫీ ధరలో సింహభాగం ఆ కుర్చీకి కట్టే అద్దె అన్న సంగతి అక్కడ కూర్చునేవారికి బాగా తెలుసు. ఒకే కప్పును అంతసేపు తాగడం అందుకే.

పూటకూళ్ళ ఇంటిని వేరే వైపు నుంచి చూపినవాడు గురజాడ. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1909లో విస్తృత రూపంలో వచ్చిన 'కన్యాశుల్కం' పూటకూళ్ళమ్మ డబ్బు ప్రస్తావనతోనే మొదలవుతుంది. సంతలో సామాన్లు కొనిపెడతానని ఆమె దగ్గర తీసుకున్న ఇరవై రూపాయలను గిరీశం మధురవాణి మీద ఖర్చు చేశాడు. విమర్శకులు ఈ ఇరవై రూపాయలను గిరీశం స్వభావానికి తొలి ఆధారంగా చదివారు. ఆ డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న వెనకబడిపోయింది. అది వంట చేసి పెట్టిన డబ్బు. నాటి విజయనగరంలో ఒక బ్రాహ్మణ వితంతువు మరొకరి మీద ఆధారపడకుండా బతకడానికి మిగిలిన ఒకానొక వృత్తి నుంచి వచ్చిన డబ్బు. మళ్ళీ సరుకులు కొంటే తప్ప మరునాడు పొయ్యి వెలగదు, అంటే గిరీశం కాజేసింది ఆమె పెట్టుబడిని. వితంతు వివాహాల మీద ఉపన్యాసాలిచ్చేవాడు ఒక వితంతువు పెట్టుబడితో నాటకంలోకి అడుగుపెడతాడు.

క్రీడాభిరామంలో తినేవాడి చూపు తప్ప మరొక చూపు లేదు. వండిపెట్టేచోటు ఒక ఆనందస్థానం, అంతే. గురజాడ వండిన మనిషిని చీపురుకట్టతో సహా రంగస్థలం మీదికి తెచ్చాడు. ఆమె మధురవాణి ఇంటికి వచ్చిన ఘట్టాన్ని ప్రేక్షకులు వందేళ్ళకు పైగా నవ్వుతూ చూస్తున్నారు. నవ్వు సహజమే, గురజాడ నవ్వించడానికే రాశాడు. కాని ఆ చీపురు ఒక రుణదాత చేతిలోనిదని గుర్తిస్తే నవ్వు కొంచెం ఇబ్బందిగా మారుతుంది. ఇంకొక విషయం. బుచ్చమ్మకు, మీనాక్షికి, మధురవాణికి పేర్లున్నాయి. పూటకూళ్ళమ్మకు వృత్తే పేరు. ఓరుగల్లులో లక్ష్మణవజ్ఝలకు దక్కిన పేరు విజయనగరంలో ఆమెకు దక్కలేదు. ఇది నాటకకర్త లోపమని చెప్పడం తొందరపాటు అవుతుంది. పట్టణం ఆమెను ఎలా పిలిచిందో నాటకం అలాగే పిలిచింది.

తీరుబడిగా నలుగురూ కూర్చునే చోటు కన్యాశుల్కంలో లేకపోలేదు. అది సారా దుకాణం. బైరాగి, హవల్దారు, దుకాణదారు ఒకచోట చేరి మత్తులో వేదాంతాన్నీ లోకవ్యవహారాన్నీ కలగలిపే ఆ రంగంలో ఎవరికీ తొందర లేదు. ఉత్తరాంధ్ర సాహిత్యంలో బహిరంగ కాలక్షేపానికి ఆనవాలుగా నిలిచింది కాఫీ గ్లాసు కాదు, సారా గ్లాసు. ఆ ఆనవాలును రాచకొండ విశ్వనాథశాస్త్రి విశాఖకు తెచ్చి, మద్యనిషేధ చట్టం కిందికి నెట్టి చూశాడు. 'ఆరు సారా కథలు'లో సారా కాలక్షేపం కాదు, కేసు. తాగే చోటు కంటే కోర్టు వరండా, పోలీసు స్టేషను ఎక్కువగా కనిపిస్తాయి. 'మాయ'లో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ ప్లీడరుకు లోకం నడిచే తీరును విప్పి చెబుతుంది. పూటకూళ్ళమ్మకు లేని రెండూ ఆమెకు ఉన్నాయి: పేరు, సుదీర్ఘమైన మాట. కడుపు నింపుకోవడానికి ఇతరులకు తినడానికో తాగడానికో అమ్మే స్త్రీని తెలుగు సాహిత్యం ఈ రెండు పాత్రల మధ్య ఎంత దూరం నడిపించిందో విమర్శ ఇంకా కొలవలేదు.

కాఫీ సంగతి వేరు. తమిళ ప్రాంతంలో కాఫీ రాకను ఎ. ఆర్. వెంకటాచలపతి 2006లో వెలువరించిన వ్యాససంపుటిలో సాంస్కృతిక చరిత్రగా రాశాడు. కాఫీ మధ్యతరగతి గౌరవానికి గుర్తు కావడం, టీ శ్రామికుల పానీయంగా స్థిరపడడం అక్కడ వివరంగా కనిపిస్తాయి. తెలుగులో కాఫీ మీద దండకాలు పుట్టాయి, హాస్యం పుట్టింది, అటువంటి చరిత్ర మాత్రం పుట్టలేదు. పుట్టి ఉంటే హోటలు బల్ల మీద కులం ఎలా కూర్చుందో, ఎలా లేవలేదో తెలిసేది. భారత రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలతో, బావులతో పాటు భోజనశాలల ప్రవేశాన్ని కూడా పేరు పెట్టి చెప్పవలసి వచ్చింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చిన తరువాత కూడా తెలుగు పల్లెల టీ దుకాణాల్లో రెండు గ్లాసుల పద్ధతి సాగింది. పట్టణపు హోటలులో తెర కట్టిన 'ఫ్యామిలీ రూము' ఉండేది. స్త్రీ బయట తినవచ్చు గాని కనిపించకూడదు. ఈ నేపథ్యంలో చూస్తే, సిరిపురం కెఫేలో అద్దాల గోడ పక్కన ఒంటరిగా పుస్తకం పెట్టుకుని కూర్చున్న విద్యార్థినిని 'వినిమయ సంస్కృతి' అన్న ఒక్క మాటతో కొట్టివేయడం కుదరదు. తెర స్థానంలో అద్దం వచ్చింది. అద్దానికి లోపల ఉండాలంటే డబ్బు ఉండాలన్నది నిజమే. ఎవరి పిల్లవని అక్కడ అడగరన్నదీ నిజమే. ఈ రెండు నిజాల్లో ఒకదాన్నే పట్టుకున్న విమర్శ సగం చదివినట్టే.

విశాఖకు తిండితో మరొక ప్రత్యేక సంబంధం ఉంది. 1933లో ఓడరేవు ప్రారంభమైన నాటి నుంచి ఇది కూలికి వచ్చినవారి ఊరు. ఉక్కు నగరంగా మారడానికి ముందు ఇది నిరాహారదీక్ష ఊరు. 1966 అక్టోబరులో టి. అమృతరావు ఉక్కు కర్మాగారం కోసం ఇక్కడ ఆమరణ దీక్షకు కూర్చున్నాడు. నవంబరు 1న ఈ నగరంలోనే కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1971లో శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. 2021 జనవరిలో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం సూత్రప్రాయంగా ఆమోదం తెలిపాక కూర్మన్నపాలెం వద్ద మళ్ళీ రిలే దీక్షలు. తినకపోవడమే మాటగా మారిన ఊరు ఇది.

ఈ ఊళ్ళో కార్మికుడి తిండికి క్యాంటీను ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 46వ సెక్షను ప్రకారం 250 మందికి మించి కార్మికులున్న కర్మాగారాన్ని క్యాంటీను పెట్టమని రాష్ట్ర ప్రభుత్వం ఆదేశించే వీలు 2025 దాకా ఉండేది. అక్కడ పూట మళ్ళీ వచ్చింది, షిఫ్టు రూపంలో. ఎ, బి, సి షిఫ్టుల్లో ఆకలి కూడా హాజరు వేయించుకుంటుంది. కనుక గాజువాకలోనో కూర్మన్నపాలెంలోనో రాత్రి పూట నూడుల్స్ బండి దగ్గర ప్లేటు పట్టుకుని నిలబడ్డ కార్మికుడి కొడుకు చేస్తున్నది తండ్రి ఎరుగని పని: గంట మోగకుండా తినడం. తండ్రి తరానికి అది దుబారా, కొడుకు తరానికి అది సాయంత్రం. కథకు ఇంతకంటే సహజమైన సంఘర్షణ దొరకదు.

మూడు స్థలాలను ఒకే గాట కట్టడం కూడా పొరపాటే. బేకరీ చాలావరకు నిలబడి తినే చోటు, అరువు కూడా దొరికే చోటు. పరిచయం పెరిగితే పేరుతో పిలుస్తారు. పఫ్, దిల్‌పసంద్, పుట్టినరోజు కేకు మీద రాయించే తెలుగు పేరు, దాని అక్షరదోషాలు (భాషాశాస్త్ర విద్యార్థులకు ఇదొక గని) ఆ లోకానివి. ఊరూరా కనిపించే అయ్యంగార్ బేకరీ బోర్డు ఒక కులనామాన్ని కర్ణాటక నుంచి మోసుకొచ్చి వ్యాపారనామంగా నిలిపింది. గుడ్డు వేయని కేకుకు అది హామీపత్రం. నూడుల్స్ బండికి తెలుగులో స్థిరపడిన పేరు 'ఫాస్ట్‌ఫుడ్ సెంటర్'. దాని మెనూలో చైనా పేరుతో ఉన్నవాటిలో చాలావాటికి చైనా తెలియదు. మంచూరియా అన్న వంటకం 1970ల ముంబయిలో పుట్టిందన్నది ప్రసిద్ధం. ఒక దేశంలోని ప్రాంతం పేరు తెలుగు నోట కూరగాయల ఉండగా మారి, 'గోబీ' అన్న హిందీ మాటతో సమాసం కట్టింది. అచ్చతెనుగు గురించి ఇంత రాసుకున్న భాషలో ఇలాంటి సమాసాల మీద రాత తక్కువ.

కెఫేలో మరొక పేరు ఉంది: అరకు. ఈ లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు రెండేళ్ళ ముందే ప్యారిస్‌లో ఆ పేరుతో కాఫీ దుకాణం తెరుచుకుంది. పండించేవారు పాడేరు, అరకు ప్రాంతాల ఆదివాసీ రైతులు. విశాఖ కెఫేలో కప్పు మీద కొండ పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. క్రీడాభిరామ పద్యం నుంచి ఈ కప్పు దాకా ఎవరి పేరు నిలిచింది, ఎవరి పేరు రాలిపోయింది అన్నది విమర్శ వేయదగిన ప్రశ్న. ఆకలి ప్రశ్నకు ఇది పోటీ కాదు, దాని కొనసాగింపు.

యూరపులో కాఫీ దుకాణాలను బహిరంగ చర్చకు పుట్టినిళ్ళుగా హేబర్‌మాస్ 1962లో సిద్ధాంతీకరించాడు. ఆ సిద్ధాంతాన్ని విశాఖ కెఫేలకు యథాతథంగా తగిలించే వ్యాసాలు సులభంగా రాయవచ్చు. అక్కడ చర్చ జరుగుతోందని, లేదా జరగడం లేదని తేల్చవచ్చు. రెండూ ఇక్కడి పాఠాలను చదవకుండానే తేల్చే తీర్పులు. ఇక్కడి పాఠాలు చూపిస్తున్నది చర్చను కాదు, వడ్డనను. ఎవరు కూర్చున్నారన్న దాని పక్కన ఎవరు నిలబడ్డారన్నది చదవాలి.

నూడుల్స్ బండి పొయ్యి దగ్గర నిలబడేవారిలో ఒడిశా, బెంగాల్, నేపాల్ వైపు నుంచి వచ్చినవారు ఉంటారు. రావిశాస్త్రి కోర్టు వరండాలో నిలబడ్డ మనుషుల తెలుగును విన్నాడు, అది అంతకు ముందు కథల్లో అంత నిండుగా వినపడని తెలుగు. ఈ బండి దగ్గర పుట్టింది మరొక తెలుగు. 'హాఫా, ఫుల్లా', 'ఇక్కడేనా, పార్సిలా' అన్న నాలుగు మాటలతో రాత్రంతా వ్యాపారం నడుస్తుంది. అడిగేవాడికి జవాబు తెలుగులోనే వస్తుంది. అతను తన పక్కవాడితో మరో భాషలో ఏదో అని నవ్వుతాడు. ఆ నవ్వు ప్లేటు పట్టుకున్నవారి గురించే కావచ్చు.