అరుగవలసినది బుష్షే

అచ్చంపేటవద్ద మంజీరపై కట్టిన నిజాంసాగరు జలములు కాలువల వెంట దిగివచ్చిన పిమ్మట బోధను ప్రాంతమున చెరకు విస్తరించినది. ఆ చెరకును నమ్ముకొనియే 1937లో శక్కర్‌నగరున నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసినది. దాని వైభవమును గూర్చియు, 2015 చివర అది మూతపడుటను గూర్చియు మనము తరచుగా ముచ్చటించుకొందుము గాని, చక్కెర మిల్లులలో రోలరు షాఫ్టుల భారమును మోయుచు, రసమునకును పిప్పికిని నిత్యము చేరువగా నుండి, సీజను పొడుగునను తాను అరుగుచు షాఫ్టును కాపాడు బుష్షును తలచుకొనువారు అరుదు. నా దృష్టిలో యంత్రభాగములన్నిటిలో మిక్కిలి గౌరవార్హమైనది అదియే.

ఉక్కుపై ఉక్కు నేరుగా ఒరసికొనినచో రెండును వేడెక్కి ఒకదానినొకటి పట్టుకొనును. కావున నడుమ మెత్తని లోహము నుంచుట అనాదిగా వచ్చుచున్న వివేకము. నూటికి 88 పాళ్లు రాగి, 10 పాళ్లు తగరము, 2 పాళ్లు జింకు గల గన్‌మెటల్ ఇట్టి పనులకు చిరకాలముగా ప్రసిద్ధము. భారము హెచ్చై వేగము తక్కువైన తావుల ఫాస్ఫర్ బ్రాంజు మరింత తాళును. ఎక్కువ కాలము మన్నునని గట్టి లోహముతో బుష్షు చేయింపగోరువారు కలరు. అది లాభముగా కనబడు నష్టము: బుష్షు అరిగినచో నిజామాబాదులోని ఏ లేతు షాపులోనైనను మరియొకటి తీయింపవచ్చును, షాఫ్టు అరిగినచో యంత్రమంతయు విప్పవలెను. ఎడము విషయమునను లోభము తగదు. షాఫ్టు వ్యాసములో సుమారు వెయ్యవవంతు, అనగా 50 మిల్లీమీటర్ల షాఫ్టునకు 0.05 మిల్లీమీటరు, నూనెకు చోటుగా విడువవలెను. బుష్షును బిగించి కొట్టినపుడు లోపలి రంధ్రము కొంత కుంచించుకొనును గావున, కొలత బిగించిన తరువాతనే చూడవలెను.

ఇక కందెన. ఎండుగడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి బండి ఇరుసునకు పూసిన మన పెద్దలు ఏ శాస్త్రమును చదువకయే లోహమును అంటిపెట్టుకొను నూనెను ఎన్నుకొనిరి. 1883లో ఇంగ్లండున బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులను పరీక్షించుచు పైభాగమున నూనెరంధ్రము తొలిపింపగా, తిరుగు ఇరుసే నూనెను పైకి చిమ్మెను. రంధ్రమున బిగించిన చెక్క బిరడా సైతము వెలికి వచ్చెను. వేగముగా తిరుగు షాఫ్టు తనంతట తానే నూనెపొరను కల్పించుకొని దానిపై తేలుననియు, భారము పడు వైపున రంధ్రమును గాడిని పెట్టినచో ఆ పొరయే చెడుననియు దీనినిబట్టి తెలియుచున్నది. నిమిషమునకు కొద్దిమారులు మాత్రమే తిరుగు చెరకు రోలర్ల క్రింద అట్టి పొర నిలువదు. అందువలన అచట పలుచని నూనె వ్యర్థము. చిక్కగా, జిగటగా, నీటికి కొట్టుకొనిపోనిదై యుండు నూనెగాని గ్రీజుగాని కావలెను. గ్రీజును కొద్దికొద్దిగా తరచుగా ఎక్కించిన యెడల అది లోపలి పిప్పినారను గూడ వెలికి నెట్టును.

కామారెడ్డి వైపు బెల్లపు గానుగలు ఆడించు రైతులకు నా విన్నప మొకటి. ఇంజనులో కాలిన నల్లనూనెను బుష్షులకు పోయకుడు. అందులో మసియు లోహపుపొడియు ఉండును. అది బుష్షును ఆకురాయివలె తినివేయును, అంతకంటె ముఖ్యముగా, బొట్టుబొట్టుగా జారి మనము త్రాగు రసములోనే పడును. క్రషింగు మొదలగుటకు పూర్వమే బుష్షులు విప్పించి, నూనెరంధ్రములలో గట్టిపడిన మడ్డిని తీయించి, అరిగినవానిని మార్పించుడు.