కమాను పట్టీ కత్తి

కొండకో అడవికో వెళ్ళేవాళ్ళు కత్తి కావాలంటే ఇప్పుడు ముందు సెల్‌ఫోన్‌లో వెతుకుతున్నారు. నల్లటి అలుగు, వెనక రంపపు పళ్ళు, డొల్ల పిడిలో అగ్గిపుల్లలు, మూతలో దిక్సూచి. 1982లో ‘ఫస్ట్ బ్లడ్’ సినిమాలో రాంబో చేతిలో కనిపించిన దగ్గర్నుంచి ఈ రకానికి మోజు పట్టింది. కానీ పిడి డొల్ల అంటే అలుగు అందులోకి పూర్తిగా దిగలేదనే కదా. చవకరకం అయితే గట్టి కొమ్మ మీద నాలుగు వేట్లు పడేసరికి ఆ అతుకే ముందు ఊగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకు అంతకన్నా నమ్మకమైనది ఊరి కొలిమిలో ఉంది. లారీ కమాను పట్టీతో చేసిన బరువైన కత్తి.

మన దగ్గర ఆపద ఏ రూపంలో వస్తుందో చూస్తే సంగతి తెలుస్తుంది. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు తుపాన్లే. తిత్లీ అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది. దారికి అడ్డంగా చెట్లు, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు కావలసింది కొమ్మ నరికి, వెదురు చీల్చి, దాహమైతే బోండాం కొట్టగలిగే పనిముట్టు. స్వీడన్‌వాళ్ళ మోరా కత్తి మంచిదే, కాకపోతే దాని బలమంతా చెక్కడంలో ఉంది, నరకడంలో కాదు. తడి అడవులున్న చోటల్లా జనం బరువైన అలుగునే నమ్ముకున్నారు: మలయావాళ్ళ పరాంగ్, ఫిలిప్పీన్స్ బోలో అవే. సీతంపేట కొండల్లో పోడు కొట్టే సవరలకు ఇది ఒకరు చెప్పాల్సిన మాట కాదు.

కమాను ఉక్కులో కర్బనం నూటికి సుమారు 0.6 పాళ్ళు. పదును నిలవడానికి అది చాలు, దెబ్బకు విరగనంత సాగుడూ ఉంటుంది. తెలిసిన కమ్మరి అంచునే ఎర్రగా కాల్చి ముంచుతాడు, వెన్ను మెత్తగా ఉండనిస్తాడు. కొనే ముందు అంచు మీద ఆకురాయి ఆడించి చూడండి. వెన్నలోకి దిగినట్టు దిగితే పదును పట్టలేదు. అసలు పట్టకుండా గాజు మీద జారినట్టు జారితే పెళుసు, వెదురు కణుపు మీద పెచ్చు లేస్తుంది. కష్టంగా, కొద్దిగా గీరుకోవాలి. పిడిలోకి దిగిన ఇనుము అడుగున బయటికొచ్చి మలిచి ఉందా, మెడ దగ్గర పొన్ను బిగువుగా ఉందా అన్నదీ చూడాలి.

తుప్పు పడుతుంది కదా అంటారు. నిజమే, సముద్రపు గాలికి త్వరగానే పడుతుంది. తుడిచి కాస్త నూనె రాస్తే ఆగుతుంది. స్టెయిన్‌లెస్‌కు ఆ బాధ తక్కువ గానీ, అంచు విరిగితే మన కొలిమిలో బాగుచేయడం కష్టం. కమాను కత్తినైతే మళ్ళీ కాల్చి సాగదీయొచ్చు. చేపను శుభ్రం చేయడం, తాడు విప్పడం లాంటి చిన్న పనులకు మాత్రం ఇది మోటే. అందుకు వంటింటి చాకు ఒకటి తోడుంచుకోండి, రెండూ కలిపినా రాంబో కత్తంత ఆర్భాటం ఉండదు. ఇక చట్టం. 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పున్న అలుగులను ఆయుధ నిబంధనలు ఆయుధాల జాబితాలో చేర్చాయి. ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. అయినా ప్రయాణంలో గోనెగుడ్డ చుట్టి సంచి అడుగున పెట్టండి. నడుముకు వేలాడదీసుకుని బస్సెక్కితే పక్కవాళ్ళు భయపడటం న్యాయమే.