ఆగడానికి చోటు

డ్రాగ్ రేసులోకి బండి దింపే ముందు తనిఖీ చేసే ఆయన ఇంజను ఎన్ని సీసీలో అడగడు, సైలెన్సర్ మోత వినడు. మోకాళ్ల మీద కూర్చుని బండి కింద చెయ్యి పెడతాడు. ఆయిల్ డ్రెయిన్ బోల్టు తలకి సన్నటి రంధ్రం వేసి, అందులో స్టీలు తీగ దూర్చి, మెలిపెట్టి కట్టారా లేదా అన్నదే ఆయన మొదటి బెంగ. అదురుకి ఆ బోల్టు ఊడిందంటే కారిన నూనె నీ వెనక చక్రం కిందికే వస్తుంది, తర్వాత వచ్చేవాడి ముందు చక్రం కిందికీ వస్తుంది. ఆ పైన హెల్మెట్, తోలు సూటు, గ్లౌజులు, బూట్లు. మనిషి పడిపోతే ఇంజను దానంతటదే ఆగిపోయేలా మణికట్టుకి కట్టే తాడు. చాలాచోట్ల రేడియేటర్‌లో కూలెంట్ కూడా పోయనివ్వరు, ఉత్త నీళ్లే పోయాలి. కూలెంట్ ఒలికితే ఆ జారుడు తొందరగా వదలదు.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో ఈ తతంగం చూస్తూ నిలబడ్డప్పుడు నాతో వచ్చిన కాశీబుగ్గ మెకానిక్ చెవిలో గొణిగాడు. "ఏటి బావా, పెళ్లి సంబంధం సూసినట్టు సూస్తన్నారు!"

మా శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు వైపు ఆ బాధ లేదు. రెండు బండ్లు, నలుగురు కుర్రాళ్లు, వీడియో తీయడానికి ఒక సెల్‌ఫోను ఉంటే పందెం సిద్ధం. కోతలయ్యాక ఆ రోడ్డు మీదే సగం మేర ధాన్యం ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చుతారు. తోటల మధ్య కొబ్బరి మట్ట ఎప్పుడు రాలుతుందో ఎవరూ చెప్పలేరు. తీరం వైపు వెళ్తే గాలికి కొట్టుకొచ్చిన ఇసుక మలుపుల్లో పరుచుకుని ఉంటుంది. పగలైతే కనిపిస్తుంది, రాత్రి లైటు వెలుగులో తారు ఏదో ఇసుక ఏదో తెలియదు. ఇవన్నీ ఎందుకని పలాస దగ్గర పదహారో నంబరు హైవే ఎక్కితే అక్కడ లారీలు, డివైడర్ సందులోంచి అడ్డంగా తిరిగే ఆటోలు.

ప్రమాదం సంగతి ఎలాగూ అందరూ చెబుతారు. నాకు అంతకంటే విడ్డూరంగా తోచేది ఇంకొకటి ఉంది. రోడ్డు పందెంలో ఎవరు గెలిచారో ఎప్పటికీ తేలదు. "నువ్వు ముందే లాగేసినావు" అంటాడొకడు. "నాకు ఆవు అడ్డొచ్చింది" అంటాడు ఇంకొకడు. కొలత లేదు, సాక్ష్యం లేదు, కాబట్టి మళ్లీ రేపు. ఎన్నాళ్లు ఆడినా ఏ కుర్రాడికీ తన చెయ్యి ఏమాత్రం మెరుగైందో తెలిసే దారే లేదు. ఒక కుర్రాణ్ణి అడిగాను, నీ బండి ఎంత పోతుందిరా అని. "నూట నలభై కొట్టింది బాబాయ్" అన్నాడు. మరి నిలబడ్డచోటి నుంచి 402 మీటర్లు ఎన్ని సెకన్లలో వెళ్తుంది అంటే, అలాంటి ప్రశ్న ఒకటుంటుందని కూడా అతనికి తెలియదు.

డ్రాగ్ రేసు జరిగే స్ట్రిప్ మీద ఉండే ప్రశ్న అదొక్కటే. 402 మీటర్లు, అంటే పావు మైలు. గీత దగ్గర దీపాల స్తంభం ఉంటుంది. ముందు చక్రం సెన్సర్ కిరణాన్ని తాకగానే పైన చిన్న దీపాలు వెలుగుతాయి, తర్వాత పసుపు, తర్వాత పచ్చ. తొందరపడి కదిలితే ఎర్ర దీపం, ఆట అయిపోయినట్టే. ఇక్కడ రెండు గడియారాలు నడుస్తాయి. పచ్చ దీపం చూసి నువ్వు కదలడానికి పట్టినది ఒకటి, కదిలాక గీత దాటడానికి పట్టినది ఇంకొకటి. బండి చురుకైనదే అయినా మనిషి మందకొడి అయితే, తక్కువ సెకన్లలో పరిగెత్తి కూడా ఓడిపోవచ్చు. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో వేళ్లకి తెలియాలి. ఛాతీ ట్యాంకుకి ఆనించి బరువు ముందుకి వేయకపోతే ముందు చక్రం లేస్తుంది, లేచిన చక్రాన్ని దించడానికి యాక్సిలరేటర్ తగ్గిస్తే ఆ పరుగు పోయినట్టే.

అమెరికాలో మామూలు జనం ఎక్కువగా ఆడే పద్ధతి ఇంకా తమాషాగా ఉంటుంది. నా బండికి 18 సెకన్లు పడుతుందని ముందే రాసివ్వాలి. అవతలివాడు 14 అని రాస్తే, నాకు పచ్చ దీపం 4 సెకన్లు ముందు వెలుగుతుంది. అలాగైతే ఎక్కువ రాసిచ్చి గెలిచేయొచ్చు కదా అంటారేమో, రాసిన దానికంటే తక్కువ సెకన్లలో చేరితే ఓడినట్టు లెక్క. తన బండి సంగతి, తన సంగతి ఎవరికి ఎక్కువ తెలుసో వాడే గెలుస్తాడు. డబ్బున్నవాడి లీటరు బండిని పాత స్ప్లెండర్ ఓడించగల పోటీ నాకు తెలిసి ఇదొక్కటే. పాల కేన్లు మోసే బండితో కూడా దిగొచ్చు, కేన్లు విప్పేసి.

గీత దాటాక ఆగడానికి కూడా బోలెడంత చోటు వదులుతారు. గంటకి వంద కిలోమీటర్ల వేగంలో సెకనుకి 28 మీటర్లు పోతాం. అడ్డు చూసి బ్రేకు మీద కాలు పడేసరికే ఒక సెకను అయిపోతుంది, ఆ తర్వాత పొడి తారు మీద ఆగడానికి ఇంకో 50 మీటర్లు. మా కుర్రాడు చెప్పిన నూట నలభైకి మొత్తం కలిపి 130 మీటర్ల పైమాటే. బండి డిమ్ లైటు అంత దూరం చూపదు. ఇసుక ఉంటే ఈ లెక్క చెల్లనే చెల్లదు.

2011 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద క్రికెటర్ అజహరుద్దీన్ చిన్న కొడుకు, అతని బంధువు కుర్రాడు వెయ్యి సీసీ బండి మీద పడి చనిపోయారు. అంతకు ముందు ఏడాదే నటుడు కోట శ్రీనివాసరావు కొడుకు అదే రింగ్ రోడ్డు మీద బండి ప్రమాదంలో పోయాడు. అవి పందేలని నేను అనను. అంత బండి చేతికొచ్చాక, దాన్ని ఒక్కసారైనా పూర్తిగా తిప్పి చూడాలనిపించినవాడికి మన దగ్గర చూపించడానికి ఏ చోటుందని మాత్రం అడుగుతాను.

కాలిఫోర్నియాలో ఇదే రోడ్డు పందేల గొడవ వచ్చినప్పుడు 1950లో శాంటా అనా విమానాశ్రయం వాడని రన్‌వే మీద పోటీలు పెట్టారు. మరుసటి ఏడాది వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే డ్రాగ్ రేసుల సంస్థ పెట్టాడు. 1954లో బడ్ కూన్స్ అనే పొమోనా పోలీసాయన కారు వెనక ట్రెయిలర్ తగిలించుకుని ఊరూరా తిరిగి, పోటీ పద్ధతిగా ఎలా జరపాలో కుర్రాళ్లకి నేర్పాడు. లాఠీ పట్టుకోవలసిన మనిషి స్టాప్‌వాచ్ పట్టుకోవడం నాకు భలే నచ్చింది. మన పక్కనే చెన్నై దగ్గరి షోలవరంలో యుద్ధకాలపు పాత ఎయిర్‌స్ట్రిప్ మీద మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు దశాబ్దాల పాటు రేసులు నడిపారు. ఇరుంగట్టుకోట్టై ఆ తర్వాత కట్టుకున్నదే. బెంగళూరు హేమంత్ ముద్దప్ప డ్రాగ్ రేసింగ్‌లో పదే పదే జాతీయ చాంపియన్ అయ్యాడంటే ఇలాంటి చోటు ఉండబట్టే.

మన ప్రకాశం జిల్లా దొనకొండలో కూడా అలాంటి యుద్ధకాలపు రన్‌వే ఉంది.

మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. బహిరంగ ప్రదేశంలో పందెం కడితే మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. కానీ అది నేరమయ్యేది రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేనప్పుడే. అనుమతి ఇచ్చే అధికారం చట్టంలోనే ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్లు మూసి ఫార్ములా ఈ కార్ల రేసు నడిపింది అలాంటి అనుమతితోనే కదా. అంత హంగు మాకు అక్కర్లేదు. మైనరుకి తాళం ఇచ్చిన తండ్రికి 25,000 జరిమానా, మూడేళ్ల వరకు జైలు అని 2019లో సవరించారు. సబబే. ఆ తండ్రికి చూపించడానికి రెండో దారి కూడా ఉండాలి.

ఇప్పుడున్న దారి ఎలాంటిదంటే, బండిని రైల్లో పార్సెల్ వేయాలి. దానికి ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా తీసేయాలి, గోనె చుట్టాలి, ఆర్‌సీ జిరాక్సు ఇవ్వాలి. చెన్నై దాకా దాదాపు వెయ్యి కిలోమీటర్లు పోయి, పన్నెండో పద్దెనిమిదో సెకన్ల పని చూసుకుని రావాలి. రొయ్యల చెరువు దగ్గర జీతానికి ఉండే కుర్రాడు ఎన్నిసార్లు వెళ్లగలడు?

మొన్న షెడ్డులో మెకానిక్, నేను కూర్చుని, ఇక్కడే ఒక ఆదివారం పెట్టాలంటే ఏం కావాలో లెక్క వేశాం. కిలోమీటరున్నర తిన్నని తారు, రెండు వైపులా కంచె, రెండు సెన్సర్లు, దీపాల స్తంభం (అది తానే చేసేస్తానన్నాడు), పోలీసుల అనుమతి, ఇన్సూరెన్సు. అంబులెన్సు దగ్గరికొచ్చి ఆగిపోయాం. రోజంతా ఒక అంబులెన్సుని గీత దగ్గర నిలబెట్టడానికి ఎవరిని అడగాలో ఇద్దరికీ తెలియలేదు.