పోర్టుకు దారి

ఒక ప్రోగ్రాము పరికరంతో పని చేయించుకోవాలంటే ఆ పరికరంలోని రిజిస్టర్లను, అంటే ఆజ్ఞలనూ స్థితినీ నిలిపి ఉంచే చిన్న గడులను, చేరుకోవాలి. ఆ గడులకు చిరునామాలు ఇవ్వడంలో ప్రాసెసర్ల రూపకర్తలు మొదటినుంచీ రెండు దారులు పట్టారు. 1970లో వచ్చిన పీడీపీ-11లో వాటికి మెమరీ చిరునామాల నడుమనే చోటిచ్చారు. ఇంటెల్ మాత్రం పోర్టుల పేరుతో వేరే చిరునామాల వరుసను ఏర్పరచి, దాన్ని చేరడానికి ఇన్, అవుట్ అనే ప్రత్యేక ఆజ్ఞలను పెట్టింది. 8080లో 256గా ఉన్న పోర్టులు 8086లో 65,536 అయ్యాయి.

డాస్ రోజుల్లో ఏ ప్రోగ్రామైనా హెక్సాడెసిమల్ 378 అనే పోర్టుకు ఒక బైటు రాస్తే ప్రింటర్ పోర్టులోని ఎనిమిది తీగల మీద ఆ బైటు వోల్టేజీగా కనిపించేది, అడ్డుకునేవారు లేరు. 80386లో ఒక్కో పోర్టుకు ఒక్కో బిట్ చొప్పున అనుమతిని గుర్తుపెట్టుకునే పట్టిక చేరడంతో, ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రమైన కెర్నల్ కోరిన పోర్టులను మాత్రమే తెరిచి తక్కినవాటిని మూసి ఉంచగలిగింది. లినక్స్‌లో ఐఓపెర్మ్ అనే పిలుపు చేసేది ఇదే, అందుకూ సూపర్‌యూజర్ హక్కు ఉండాలి. అన్ని పోర్టులనూ ఒక్కసారిగా తెరిచే ఐఓపీఎల్ కన్నా ఇది ఎంతో మెరుగైన అలవాటు.

ఆర్మ్ ప్రాసెసర్లలో ఇన్, అవుట్ ఆజ్ఞలే లేవు. అక్కడ ప్రోగ్రాము డెవ్ మెమ్ అనే ఫైలును తెరిచి, ఎమ్‌మ్యాప్ అనే పిలుపు ద్వారా రిజిస్టర్లున్న భౌతిక మెమరీ భాగాన్ని తన చిరునామాల్లోకి తెచ్చుకుంటుంది. అయితే అనుమతి ఇక్కడ పేజీ లెక్కన, సాధారణంగా 4,096 బైట్ల చొప్పున, దొరుకుతుంది కాబట్టి ఒక్క రిజిస్టర్ కోసం వచ్చిన ప్రోగ్రాముకు ఆ పేజీలోని ఇరుగుపొరుగు రిజిస్టర్లన్నీ అందుబాటులోకి వస్తాయి. పైగా రిజిస్టర్లలోకి చేసే రాతలను కంపైలర్ అనవసరమని తీసివేయకుండా వాటి చిరునామాను వోలటైల్ అని ప్రకటించాలి, ప్రాసెసర్ ఆ రాతల వరుసను మార్చకుండా బ్యారియర్ ఆజ్ఞలను వాడవలసి రావచ్చు. ఆల్ఫా ప్రాసెసర్లలోనూ పోర్టు ఆజ్ఞలు లేకపోయినా, అక్కడి గ్లిబ్‌సీ లైబ్రరీ డెవ్ మెమ్‌నే ఆసరా చేసుకుని ఐఓపెర్మ్ పేరును నిలిపింది. పేరు ఒకటే గానీ లోపలి రక్షణ అదే కాదు, ఈ తేడాను గుర్తించకపోవడం ప్రమాదకరం.

ఇలా చిరునామాను నేరుగా వాడటంలోని మరో చిక్కును, ఆర్మ్ ప్రాసెసర్‌తో నడిచే చిన్న కంప్యూటర్ బోర్డు రాస్ప్‌బెర్రీ పై చరిత్ర స్పష్టంగా చూపుతుంది. మొదటి బోర్డులో పరికరాల చిరునామాలు 2 పక్కన ఏడు సున్నాల వద్ద, రెండో తరంలో 3ఎఫ్ పక్కన ఆరు సున్నాల వద్ద, నాలుగో తరంలో ఎఫ్‌ఈ పక్కన ఆరు సున్నాల వద్ద మొదలయ్యాయి. చిరునామాను తమలోనే రాసుకున్న ప్రోగ్రాములను ప్రతిసారీ దిద్దవలసి వచ్చింది. అందువల్ల, క్షణంలో అతి చిన్న భాగాన్ని సైతం లెక్కించవలసిన పనులను మినహాయిస్తే, చిరునామాను కెర్నల్‌కే వదిలి, 2016 నాటి లినక్స్ 4.8తో వచ్చిన జీపీఐఓచిప్ ఫైలు ద్వారా ఫలానా తీగ కావాలని అడగడమే సరైన పద్ధతి. ప్రింటర్ పోర్టుకు లినక్స్‌లోని పీపీడెవ్ అనే డ్రైవరు కూడా ఇలాంటిదే: ఆ పోర్టు మదర్‌బోర్డు మీద 378లో ఉన్నా, యంత్రం మొదలయ్యేటప్పుడు వేరే చిరునామా పొందే పీసీఐ కార్డు మీద ఉన్నా, ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చనక్కర లేదు.