తేరిన మధువు

వరదనాళ్లలో గోదావరి గట్టు గ్రామములయందు ఎర్రనీటిని బిందెలతో తెచ్చి, కుండ లోపలిగోడకు చిల్లగింజను అరగదీసి, ఆ గంధమును నీటిలో కలిపి, ఒక రాత్రి కదల్పక ఉంచినచో, తెల్లవారునప్పటికి మట్టి అడుగునకు దిగి పైన అద్దమువంటి నీరు నిలుచునని మన పెద్దలు ఎరుగుదురు. సంస్కృతమున కతకమని పేరుగల ఆ గింజ చేయు పని ఇంతే: నీటిలో తేలు మట్టికణములు ఒకదానినొకటి నెట్టుకొనుచు క్రిందికి దిగజాలక యుండగా, గింజనుండి వెలువడు పదార్థము వానిని కూడగట్టి, బరువెక్కించి, అడుగునకు దింపును. జీవహింస ఇసుమంతయు లేని ఈ ఉపాయము మనకు సహజముగా తోచును గాని, ద్రవమును తేర్చుట యను ఈ చిన్న సమస్యనే ఎదుర్కొన్న ద్రాక్షమధువు తయారీదారులు పెక్కుమంది వేరొక దారిని పట్టిరి.

క్రొత్తగా పులిసిన ద్రాక్షరసము మన వరదనీటికి తోబుట్టువువలె నుండును. పనిముగించి చచ్చిన ఈస్టు కణములు, పండునుండి వచ్చిన మాంసకృత్తులు, వగరునిచ్చు టానిన్లు అందు తేలుచు మబ్బువలె క్రమ్ముకొని యుండును. ఆ మబ్బు తనంతట విడిపోవుటకు మాసములు పట్టును. సరకును సత్వరముగా అంగడికి చేర్పవలసిన వర్తకునకు అంత ఓపిక చాలదు. అందుచే ఐరోపాలో చిరకాలమునుండి జంతుదేహముల సాయము పొందుట అలవాటైనది. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతమున 225 లీటర్ల ఓక్ పీపా ఒక్కటికి అయిదారు గ్రుడ్ల తెల్లసొనను గిలకొట్టి పోయుట ప్రసిద్ధము. చేపల గాలితిత్తిని ఎండబెట్టి తీసిన పదార్థమును, ఎముకలను చర్మములను ఉడికించి తీసిన జెలటిన్‌ను, పాలలోని కేసీన్‌ను వాడువారు మరికొందరు. ఎండించి పొడిచేసిన ఎద్దురక్తమును సైతము ఒకప్పుడు కలిపెడివారు. పశువుల మెదడు వ్యాధి భయముచే ఐరోపా సమాఖ్య 1990ల దశకమున దానిని మాన్పించినది. ఈ మాంసకృత్తులు టానిన్లను పట్టుకొని గడ్డలై అడుగునకు దిగగా, పైనున్న తేటను తోడుకొందురు.

సీసాలోనికి చేరునప్పటికి ఆ పదార్థము దాదాపుగా మిగులదు. ఆ కారణముచేతనే దాని పేరును సీసామీది చీటిపై వ్రాయవలసిన నిర్బంధము పెక్కుదేశములలో లేదు. ఐరోపాలో 2012 నుండి పాలు, గ్రుడ్డు శేషములు కానవచ్చినచో తెలుపవలెనను నియమము వచ్చినది గాని, అది అవి పడనివారి ఆరోగ్యము నుద్దేశించినదే. చేపతిత్తి ఆ నియమమునకు సైతము లోబడదు. మాంసమునేగాక పాలను, తేనెను సైతము వర్జించి వీగన్ వ్రతమును పాటించు మనుష్యుడు, పండ్లరసము పులిసినదే గదా యను నమ్మకముతో పాత్రను పెదవులకు చేర్చునప్పుడు, అతని నమ్మకమునకు తెలియకయే భంగము కలుగుచున్నది. మిగిలినది అణువంతయా, అదియును లేదా యను లెక్క ఇచట అప్రస్తుతమని నా అభిప్రాయము. వ్రతము పట్టినవానికి వస్తువు చరిత్ర అంతయు ఎరుగు హక్కు కలదు.

ఇందుకు నేటి కర్మాగారములు కనుగొన్న సమాధానము లేకపోలేదు. అగ్నిపర్వతపు బూడిదనుండి ఏర్పడిన బెంటోనైట్ అను బంకమన్ను ఋణవిద్యుదావేశము కలదగుటచే మాంసకృత్తులను ఆకర్షించి అడుగునకు లాగును. బటానీలనుండి, బంగాళాదుంపలనుండి తీసిన మాంసకృత్తులు తెల్లసొన చోటును ఆక్రమించుచున్నవి. ఇవి మెచ్చదగినవే. అయినను, ఏ పదార్థమును కలుపక, పాత్ర ఆకృతిని, నేల చల్లదనమును, కాలమును మాత్రమే నమ్ముకొని మధువును తేర్చిన సంప్రదాయము ఒకటి యుండగా, దానిని తెలిసికొనక ఈ ప్రసంగమును ముగించుట తగదు.

నల్లసముద్రపు తూర్పుతీరమునుండి కాకసస్ పర్వతముల దక్షిణపు వాలుల వెంట వ్యాపించిన జార్జియా దేశమునకు ఈ విద్యలో ఎనిమిదివేల ఏండ్ల వయస్సు. రాజధాని త్బిలీసికి దక్షిణమున గదచ్రిలి గోరా, శులవేరిస్ గోరా అను ప్రాచీన గ్రామముల దిబ్బలలో దొరికిన కుండపెంకులను పరీక్షింపగా, ద్రాక్షకు గుర్తుగా నిలుచు టార్టారిక్ ఆమ్లపు జాడలు వానిలో కానవచ్చినవని 2017లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ పెంకుల కాలము క్రీస్తుపూర్వము 6000–5800 నడుమ. ఆ దేశమున భూమిలో పాతిన మట్టిబానను క్వెవ్రి యందురు. బానలు పాతిన గదికి మరాని యని పేరు. క్వెవ్రిలో మధువు చేయు విధానమును యునెస్కో 2013లో మానవజాతి అమూర్త వారసత్వముగా గుర్తించినది.

క్వెవ్రి కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. అడుగు సన్నగా కొనదేరి, పొట్ట ఉబ్బి, మూతి మరల ఇరుకై, చెవులు పిడులు లేక యుండును. చిన్నవి మన నీళ్లకాగులంత యున్నను, పెద్దవి రెండు మూడువేల లీటర్లు పట్టును. అట్టిదానిలో మనిషి దిగి నిలువవచ్చును. ఇంతటి పాత్రను సారెపై త్రిప్పుట అసాధ్యము. కాఖేతి సీమలోని వర్దిసుబాని, ఇమెరేతి సీమలోని మకతుబాని వంటి గ్రామముల కుమ్మరులు మట్టిని త్రాళ్లవలె పేని, చుట్టుపై చుట్టు పేర్చి, చేతితో నునుపుచేసి, ఆ వరుస ఆరి గట్టిపడువరకు ఆగి, పిదప మరియొక వరుసను వేయుదురు. తడి మట్టిపై తొందరపడి బరువు మోపినచో బాన కూలిపోవును గనుక, ఒక పాత్రకు వారములు పట్టును. పిమ్మట కట్టెల ఆవములో దినముల తరబడి కాల్చుదురు. వేడి పూర్తిగా చల్లారకముందే లోపల తేనెమైనమును పలుచగా పూయగా, అది మట్టి రంధ్రములలోనికి ఇంకిపోవును. పిదప బానను మెడవరకు నేలలో పాతుదురు. విద్యుచ్ఛక్తితో నడచు శీతలయంత్రమునకు మారుగా చుట్టుముట్టిన భూమియే పులియునప్పటి వేడిని పీల్చుకొని, ఏడాది పొడుగున చల్లదనమును కాపాడును.

ఆకురాలు కాలమున ద్రాక్షకోత వచ్చును. దానిని ర్త్వేలి యని పండుగగా జరుపుకొందురు. బోదెను తొలిచి చేసిన దోనెలో పండ్లను పోసి కాళ్లతో త్రొక్కగా కారిన రసమును, కాఖేతి పద్ధతిలో తొక్కలు, గింజలు, తొడిమలతో సహా బానలో నింపుదురు. ఈస్టును ఎవరును తెచ్చి వేయరు. తొక్కమీదను, మరాని గాలిలోను ఉన్నదే మేల్కొని పనికి పూనుకొనును. పొంగునకు పైకి తేలిన పిప్పిని దినమునకు పలుమార్లు కర్రతో లోనికి అదుముదురు. అట్లు చేయనిచో పైపొర ఎండి పులిసి మధువు చెడును. పొంగు అణగి పిప్పి మునిగిన పిదప, మూతిని రాతిపలకతో కప్పి, తడిమట్టితో అంచులను మెత్తి, అయిదారు మాసములు దాని జోలికి పోరు.

ఆ మూసిన చీకటిలో జరుగు పనియే ఈ విద్యకు ప్రాణము. బరువైన గింజలు అన్నిటికన్న ముందు కొనదేరిన అడుగునకు చేరును. వానిపై ఈస్టు మడ్డి, తొక్కలు ఒత్తుగా కూర్చుండును. ఇట్లు గింజలు తమ చేదును మధువులోనికి వెలార్చు అవకాశము తగ్గిపోవును. అడుగు విశాలముగా నున్న తొట్టిలో ఈ పొందిక కుదురదు. మరియు, బోర్డోలో గ్రుడ్డుసొన చేయు పనిని ఇచట పండు తానే చేసికొనును: తొక్కలనుండి, తొడిమలనుండి సమృద్ధిగా దిగిన టానిన్లు పండులోని మాంసకృత్తులను పట్టుకొని గడ్డలై, మబ్బును తమతో అడుగునకు కొనిపోవును. చేప అక్కరలేదు, కోడి అక్కరలేదు. వసంతమున మూత తీయునప్పటికి తెల్లద్రాక్షరసము తేనెరంగు దాల్చి, తేటయై, తేయాకువలె వగరెక్కి నిలిచియుండును. అడుగున మిగిలిన పిప్పిని బట్టిపెట్టి చాచా అను సారాను దించుదురు. శేషించినది తోటకు ఎరువగును.

పశ్చిమమున ఇమెరేతివారు పిప్పిలో కొద్దిభాగమునే కలుపుదురు గనుక వారి మధువు తేలికగా నుండును. గురియా, సమెగ్రేలో సీమలలో ద్రాక్షతీగను చెట్లపైకి ప్రాకించు మఘ్లారి యను పద్ధతి యుండెడిది. మన తమలపాకు తోటలలో తీగను అవిసెచెట్లకు ప్రాకించుట నెరిగినవారికి అది వింతగా తోచదు. ఒకే నేలపై చెట్టు, తీగ, క్రింది పైరు కలిసి బ్రతుకు ఆ పొందికను సోవియట్ ప్రభుత్వపు పెద్దతోటలు చాలవరకు చెరిపివేసినవి. అయిదువందలకు పైబడిన దేశీయ ద్రాక్షజాతులలో ర్కత్సితేలి, సపెరావి మొదలగు కొన్నిటికే కర్మాగారములు ఆదరము చూపినవి. 1985లో మద్యవ్యతిరేకోద్యమము పేర పెక్కు తోటలు పెరికివేయబడినవి. అయినను ఇండ్ల క్రింది మరానులలో రైతు కుటుంబములు తమకొరకు బానలు నింపుట మానలేదు. 2000లో ఇటలీలోని ఫ్రియులి ప్రాంతపు మధుకారుడు యోస్కో గ్రావ్నర్ జార్జియాకు వచ్చి, ఈ పద్ధతిని కన్నులార చూచి, మరుసటి యేట తన నేలలో క్వెవ్రిలు పాతెననిన, ఆ కుటుంబముల పట్టుదల ఎంత దూరము ఫలించినదో ఊహించుకొనవచ్చును.

ఇచట ఒక చిక్కును దాచుట ధర్మము కాదు. బానలో పూసినది తేనెమైనము. అది తేనెటీగ శ్రమ. వీగన్ వ్రతమును కఠినముగా పాటించువారు దీనిని ఆక్షేపించినచో, వారిని తప్పుపట్టజాలను. మైనము మధువులో కలుపబడునది కాదు, మట్టిరంధ్రములను పూడ్చునదియే. ఒకసారి పూసినది ఏండ్ల తరబడి నిలుచును. ఏటేట పీపాపీపాకు గ్రుడ్లు పగులగొట్టుటతో దీనికి పోలిక లేదు. అయినను పోలిక లేదను మాట నిర్దోషమను మాటకు సమానము కాదు. క్వెవ్రి మధువును అమ్మువారు ఈ సంగతిని దాచక చెప్పినచో, స్వీకరించుటయో మానుటయో త్రాగువారు నిర్ణయించుకొందురు. అట్లే సీసా విషయము: బానలో విద్యుత్తు లేక తేరిన మధువును బరువైన గాజుసీసాలలో సముద్రములు దాటించినచో, నేలకు మిగిల్చినదానిలో కొంత ప్రయాణమునకు చెల్లించినట్లే యగును. ఇంటిలో పండినదానిని కూజాతో ముంచి వడ్డించుకొన్న పూర్వులకు ఈ చిక్కు లేకుండెను.

ఎన్ని చెప్పినను, బానను కడుగుట చెప్పనిదే ఈ విద్య పూర్తి కాదు. కలుపుటకు మందులు లేనప్పుడు శుభ్రతయే మందు గనుక, మధుకారులు మధువు చేయుటకన్న బాన కడుగుటకే ఎక్కువ శ్రమపడుదురు. చెర్రీచెట్టు బెరడు పొరలను దొంతరగా గ్రుచ్చి, పొడవైన కర్రకొనకు కట్టిన కుంచెతో లోపలిగోడలను తోముదురు. పెద్దబానలోనికి మనిషియే దిగును. వేడినీరు, సున్నపునీరు పోసి, తోడి, మరల పోసి, మరల తోడుదురు. చివరకు పైకి తోడిన నీటిని దోసిట పట్టి వెలుతురునకు చూతురు. అందు మడ్డి రేణువైనను కానవచ్చినచో లోనున్నవాడు మరల కుంచె అందుకొనవలసినదే. దోసిలి అడుగున అరచేతి గీతలు స్పష్టముగా కనబడినప్పుడు మాత్రమే అతనికి చేయందించి పైకి లాగుదురు.